కౌంటు

మా రొయ్యల షెడ్డులో కౌంటు అంటే
కిలోకి ఎన్ని తూగాయనే లెక్క.
వందైతే చిల్లర సరుకు, బేరగాడు మొహం తిప్పుకుంటాడు.
ముప్పైకి దిగిందా, లారీ వాకిట్లోకొచ్చి నిలబడుద్ది.
కౌంటు తగ్గితే పండగని
పద్దెనిమిదేళ్లు ఐసు నీళ్లలో చేతులు పెట్టి నేర్చుకున్నా.

నెల్లూరు ఆస్పత్రిలో మూడో సైకిలు అయినాక
ఎస్తేరు సిస్టరు కాగితం చూసి
"కౌంటు బాగా తగ్గిపోయింది మస్తానమ్మా" అంటే
నవ్వాను.
అలవాటు అట్టాంటిది.
మా ఆయన నవ్వలా.
ప్లేట్లెట్లు పదకొండు వేలంట.
పదకొండు వేలంటే నాకు చీటీపాటే గుర్తొచ్చింది.

పళ్లు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చేది.
కాళ్ల మీద ఎవరూ పెట్టని గోరింటాకు చుక్కలు.
నోరంతా పూసి పెరుగన్నం కూడా మంటెత్తేది.
పక్కింట్లో చేపల పులుసు కాగుతుంటే
వాళ్ల మీద అలిగి తలుపేసుకున్నా,
విడవలూరు పిల్లనై పుట్టి!
జుట్టు దిండు మీదే ఉండిపోయిన పొద్దున
మా చిన్నమ్మి షెడ్డు నీలం టోపీ వెతికి తెచ్చి
నా నెత్తిన పెట్టి
"పనిలోకి పోయేదానిలాగే ఉండావు" అంది.

రక్తం కావాలంటే మా మరిది ఫోను తియ్యలా.
తీసినోడు "బలం పోద్ది వదినా, వలలాగే పని" అన్నాడు.
ఇంకొకడికి సరిగ్గా ఆరోజే జొరం.
నేనెవర్నీ తప్పు పట్టను.
మా అక్క కాన్పప్పుడు రక్తం అడిగితే
చెంబు పట్టుకుని పెరట్లోకి పోయినదాన్ని,
వాళ్లు వెళ్లిందాకా రాలేదు.

వచ్చింది ఎవరో మీరావలి.
అల్లూరు చెరువుల కాడ ఏరియేటర్లు బాగుచేసే పిలగాడు.
గ్రీజు మరకల చొక్కాతోనే వచ్చాడు.
గంటన్నర కదలకుండా పడుకోవాలని
వాడికీ అప్పుడే తెలిసింది.
అద్దం తలుపులోంచి చూశాను.
మిషను గిర్రున తిరుగుతా ఉంది.
వాడు కళ్లు గట్టిగా మూసుకుని
గుప్పిట్లో రబ్బరు బంతి పిసుకుతా ఉన్నాడు
లెక్కల పరీక్షలో కూర్చున్నట్టు.

రాత్రిపూట రొయ్యకి ఊపిరి చాలదు.
ఏరియేటరు ఆగిపోతే తెల్లారేసరికి చెరువంతా తేలుద్ది.
వాడి పనే అది.

సంచిలోది ఎరుపు కాదు,
గంజిలో చిటికెడు పసుపు కలిపినట్టుంది.
ఐసులో పెట్టకూడదంట.
ఉయ్యాల్లో బిడ్డలాగా ఊపుతా ఉండాలంట.
అయిదు రోజులు దాటితే పారబోయడమే.
ఐసు మీద బతికినదాన్ని,
ఐసు పనికిరాని సరుకొకటుందని
నలభై మూడో ఏట తెలుసుకున్నా.

జీతాల రోజు టోపీ పెట్టుకుని షెడ్డు గేటు కాడ నిలబడ్డా.
ఏడ్చారు, తాకి చూశారు,
అరటిపళ్లు చేతిలో పెట్టారు.
పళ్లొద్దు, ఆటో ఎక్కండి అన్నా.
పదకొండు మంది ఎక్కారు, ఇచ్చింది నలుగురు.
మిగిలినోళ్లకి వేలు గుచ్చి చూసి
"నీకే తక్కువుంది, ముందు ఆకుకూర తిను" అన్నారు.
పోలేరమ్మ జాతరలో పూనకం ఊగే సుబ్బులు
సూది చూసి కళ్లు తిరిగి పడింది.
లేచి టీ తాగి, మళ్లీ మంచమెక్కింది.

బస్సు పెన్న వంతెన మీదకొస్తే కిటికీ సీటు నాకే ఇస్తారు.
నీళ్లు ఒక పాయ, మిగతాదంతా ఇసక.
మా అవ్వ ఆ ఇసకలో చెలమ తీసేది,
అరచేతుల్తో, మోచేతి లోతు.
ఎవరు తోడుకున్నా ఏమీ అనేది కాదు.
తోడకుండా వదిలేస్తేనే తిట్టేది,
"పాచి పడుద్దే" అని.

నీ గ్రూపేందో నాకు తెలవదు.
నీక్కూడా తెలవదేమో.
తెలుసుకోడానికి ఒక చుక్క చాలు.

నిన్నటికి నలభై రెండు వేలు.
సోమవారం నాలుగో సైకిలు.
మళ్లీ తగ్గుద్ది.